టైరు కంటే ముందు వ్యాపారిని ఎంచుకోవాలి
కోల్‌కతా మోటారు బజారులో అభిమానుల అన్వేషణ

కోల్‌కతా: దేశంలో తొలి టైరు కర్మాగారం వెలసిన హుగ్లీ తీరంలోనే నేడు పాత కారుకు సరైన టైరు సంపాదించడం ప్రయాసగా మారింది. దశాబ్దాల పాటు నగర వీధులను ఏలిన అంబాసిడర్ కారు ఉత్పత్తి 2014లో నిలిచిపోయింది. ఆ కారుకు టైర్లు తయారుచేసిన డన్‌లప్ కర్మాగారం అంతకు మూడేళ్ళ ముందే మూతపడింది. పసుపు పచ్చ టాక్సీలు ఏటేటా తగ్గిపోతున్నాయి. ఈ పరిస్థితుల్లో పాత కార్లను ప్రాణప్రదంగా చూసుకునే అభిమానులకు టైర్లు, రిమ్ములు ఎక్కడ లభిస్తాయన్నది ఒక ప్రశ్న. లభించినవి నమ్మదగినవేనా అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

ఈ సమస్య పాత కార్ల యజమానులకే పరిమితం కాదు. కొత్త కారు కొన్న మరునాడే కంపెనీ ఇచ్చిన ఇనుప చక్రాలను తీయించి, మెరిసే అల్లాయ్ చక్రాలు, వెడల్పాటి టైర్లు బిగించుకోవాలని ఉబలాటపడే యువకులకూ ఇదే ప్రశ్న ఎదురవుతోంది. అంగళ్ళకు కొదవలేదు. సరుకుకూ కొదవలేదు. కొదవల్లా సరుకును గురించి నిజం చెప్పే వ్యాపారికే. వాహనం మొత్తం బరువు రోడ్డును తాకేది నాలుగు అరచేతులంత స్థలంలోనే కనుక, ఈ ఎంపికలో పొరపాటుకు చెల్లించే మూల్యం డబ్బుతో తీరేది కాదు.

సాహాగంజ్ వైభవం

హుగ్లీ జిల్లాలోని సాహాగంజ్‌లో డన్‌లప్ సంస్థ 1936లో టైర్ల కర్మాగారాన్ని నెలకొల్పింది. దేశంలో టైర్ల తయారీకి అదే నాంది. అదే జిల్లాలోని ఉత్తర్‌పారాలో హిందూస్థాన్ మోటార్స్ కర్మాగారం స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాల్లో స్థిరపడింది. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనా ఆధారంగా రూపొందిన అంబాసిడర్ 1957 నుంచి అక్కడ తయారైంది. ఒకే జిల్లాలో కారు, ఒకే జిల్లాలో టైరు. ఇటువంటి సౌకర్యం ఆ రోజుల్లో దేశంలో చాలా కొద్ది ప్రాంతాలకే ఉండేది.

ఆ వైభవం నిలవలేదు. 1980వ దశకంలో డన్‌లప్ యాజమాన్యం చేతులు మారింది. తర్వాత ఆర్థిక ఇబ్బందులు ముదిరి, ఉత్పత్తి పలుమార్లు ఆగింది. 2005లో మరోసారి యాజమాన్యం మారినా కర్మాగారం కోలుకోలేదు. 2011 అక్టోబరులో సాహాగంజ్‌లో పని నిలిపివేత ప్రకటించారు. వ్యవహారం కలకత్తా హైకోర్టుకు చేరి, కంపెనీ ఆస్తుల విక్రయం దాకా వెళ్ళింది. కర్మాగారాన్ని స్వాధీనం చేసుకునేందుకు రాష్ట్ర శాసనసభ 2016లో బిల్లును ఆమోదించింది. ఉత్తర్‌పారా కర్మాగారంలో 2014 మే నెలలో పని ఆగింది. అంబాసిడర్ పేరును 2017లో ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో సంస్థకు 80 కోట్ల రూపాయలకు విక్రయించారు. పేరు అమ్ముడుపోయింది గానీ, రోడ్డు మీద మిగిలిన కార్లకు విడిభాగాల బాధ్యత వాటి యజమానులపైనే పడింది.

టాక్సీయే పెద్ద దిక్కు

అంబాసిడర్ చక్రానికి వాడే టైరు కొలత 5.90-15. అంటే టైరు వెడల్పు 5.90 అంగుళాలు, రిమ్ము వ్యాసం 15 అంగుళాలు. ఇది నైలాన్ పోగులను అడ్డదిడ్డంగా పేర్చి చేసే పాతకాలపు క్రాస్ ప్లై టైరు. లోపల ట్యూబు తప్పనిసరి. ప్రీమియర్ పద్మిని కారుకు వాడిన 5.20-14 కూడా ఈ తరానికి చెందినదే. నేటి కార్లన్నీ రేడియల్ టైర్లకు మారిపోయాయి. క్రాస్ ప్లై కార్ల టైర్లకు గిరాకీ మిగిలింది పాత బండ్ల వల్లనే.

ఏ కంపెనీ అయినా ఒక కొలతలో టైరు పోతపోయాలంటే ఆ కొలతకు అచ్చు కావాలి, ఏడాది పొడవునా కొనుగోలుదారు కావాలి. ఆదివారం నాడు బయటకు తీసి తుడిచి మళ్ళీ షెడ్డులో పెట్టే అభిమాని పదేళ్ళకొకసారి టైరు కొంటాడు. రోజంతా తిరిగే టాక్సీ డ్రైవరు టైర్లను అరగదీసి తరచుగా కొంటాడు. కనుక అభిమానికి టైరు అందుబాటులో ఉండటానికి పరోక్షంగా కారణం టాక్సీయే. కోల్‌కతా మహానగర ప్రాంతంలో 15 ఏళ్ళు దాటిన వాణిజ్య వాహనాలను తొలగించాలని కలకత్తా హైకోర్టు 2008లో ఇచ్చిన ఆదేశం 2009లో అమలులోకి వచ్చింది. అంబాసిడర్ ఉత్పత్తి 2014లో ఆగినందున, ఈ లెక్కన 2029 నాటికి చివరి అంబాసిడర్ టాక్సీల గడువు కూడా తీరిపోతుంది. టాక్సీతో పాటు టైరు గిరాకీ కూడా పోతే, అభిమానుల కోసమే ఆ అచ్చులను ఎవరు నడుపుతారన్నది ఆలోచించవలసిన విషయం.

అభిమానుల సంఖ్య తక్కువేమీ కాదు. ‘ద స్టేట్స్‌మన్’ పత్రిక కోల్‌కతాలో పాత కార్ల ర్యాలీని 1968లో ప్రారంభించింది. ఢిల్లీలో ఆ పత్రిక ర్యాలీ 1964లోనే మొదలైంది. ర్యాలీలలో పాల్గొనే బండ్లు ఏడాదికి కొద్ది కిలోమీటర్లే తిరుగుతాయి. అందువల్ల వాటి టైర్లు అరిగి పాడవవు. వయసు మీరి, ఎండకు, తేమకు రబ్బరు బిగుసుకుపోయి, పక్కలు బీటలు వారి పాడవుతాయి. పైకి గాడులు నిండుగా కనిపిస్తాయి కనుక యజమాని మోసపోయే ప్రమాదం ఎక్కువ. హుగ్లీ తీరపు ఉక్కపోత వాతావరణంలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

మల్లిక్ బజార్ మర్యాదలు

కోల్‌కతాలో మోటారు విడిభాగాలంటే ముందుగా గుర్తుకు వచ్చేది మల్లిక్ బజార్. ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ రోడ్డు, పార్క్ స్ట్రీట్ కలిసే కూడలి వద్ద ఈ బజారు ఉంది. బెంగాలీ మహాకవి మైకేల్ మధుసూదన్ దత్ సమాధి ఉన్న శ్మశానవాటిక దీనికి సమీపంలోనే ఉంది. పాత కార్లను విడదీసి ఏ భాగానికి ఆ భాగం అమ్మడంలో ఈ బజారుకు తూర్పు భారతమంతటా పేరుంది. గణేశ్ చంద్ర అవెన్యూ, ప్రిన్సెప్ స్ట్రీట్ పరిసరాల్లోని దుకాణాలు మరొక తరహావి. అక్కడ కొత్త సరుకు, కంపెనీ డీలర్లు, రసీదుల వ్యాపారం ఎక్కువ.

ఈ రెండు రకాల అంగళ్ళ మధ్య తేడాను కొనుగోలుదారు గ్రహించాలి. ఉత్పత్తి ఆగిపోయిన కారుకు అసలు ఇనుప రిమ్ము, హబ్బు మూత, నట్టు కావాలంటే విడదీసిన సరుకు అమ్మే బజారే శరణ్యం. అటువంటి వస్తువు వాడినదే అయినా దోషం లేదు. రిమ్మును రాయి మీద పెట్టి తిప్పి వంకర చూడవచ్చు. వెల్డింగ్ అతుకులు, తుప్పు, నట్టు రంధ్రాల చుట్టూ పగుళ్ళు కంటికి కనిపిస్తాయి. టైరు సంగతి అలా కాదు. టైరు లోపల తీగలు తెగి ఉన్నా, నీళ్ళు చేరి తుప్పు పట్టినా పైకి తెలియదు. అందువల్ల రిమ్ము పాతది కొన్నా, టైరు మాత్రం కొత్తదే కొనాలన్నది అనుభవజ్ఞుల మాట.

వాడిన టైర్ల వ్యాపారంలో మరొక ప్రమాదకరమైన అలవాటు ఉంది. అరిగిపోయిన టైరు మీద వేడి కత్తితో కొత్తగా గాడులు చెక్కి, నల్లరంగు పూసి అమ్ముతారు. చూపుకు గాడి లోతుగా ఉంటుంది. అడుగున రక్షణగా ఉండవలసిన రబ్బరు పొర మాత్రం పల్చబడిపోయి ఉంటుంది. గాడుల మధ్య అక్కడక్కడ ఉండే చిన్న దిమ్మెలు అరుగుదల సూచికలు. అవి గాడి అడుగుకు సరిగ్గా అంటుకుని ఉన్నాయా, లేక కత్తి వాటిని కూడా కోసిందా అన్నది పరిశీలిస్తే మోసం బయటపడుతుంది. కార్ల టైర్లకు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉండరాదని, ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు 0.8 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉండరాదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి.

ప్రశ్నలు అడిగే వ్యాపారి

మంచి సరఫరాదారును గుర్తించడానికి తేలికైన పరీక్ష ఒకటి ఉంది. దుకాణంలో అడుగుపెట్టగానే ధర చెప్పేవాడు ఒక రకం. కారు ఏది, ఏ సంవత్సరపుది, ఎంతమందితో తిరుగుతుంది, ఏ రోడ్ల మీద తిరుగుతుంది అని ముందుగా అడిగేవాడు మరొక రకం. రెండవవాడి దగ్గర ధర కాస్త ఎక్కువైనా కొనుగోలుదారుకు లాభమే.

కారణం ఏమిటంటే, చక్రం కారుకు బిగియడమంటే నట్లు పట్టడం మాత్రమే కాదు. మొదట చూడవలసినది నట్ల సంఖ్య, అవి ఏర్పడిన వృత్తం వ్యాసం. వాడుకలో దీనిని పి.సి.డి. అంటారు. మారుతీ స్విఫ్ట్, హోండా సిటీ రెండింటికీ నాలుగు నట్లు, 100 మిల్లీమీటర్ల వృత్తం. కనుక ఒకదాని చక్రం రెండవదానికి పడుతుందని తోస్తుంది. కానీ స్విఫ్ట్ హబ్బు వ్యాసం 54.1 మిల్లీమీటర్లు, సిటీది 56.1 మిల్లీమీటర్లు. స్విఫ్ట్ కోసం కచ్చితంగా చేసిన చక్రం సిటీ హబ్బుకు ఎక్కదు. సిటీ చక్రం స్విఫ్ట్‌కు ఎక్కుతుంది గానీ మధ్యలో రెండు మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని పూరించే రింగు వేయకపోతే చక్రం కేంద్రం తప్పి, వేగం పెరిగినప్పుడు స్టీరింగు వణుకుతుంది.

తర్వాతది చక్రం లోతు. హబ్బుకు ఆనే తలం రిమ్ము మధ్యరేఖకు ఎంత దూరంలో ఉందన్న లెక్కను ఆఫ్‌సెట్ అంటారు. అది మారితే చక్రం మడ్‌గార్డు బయటకు పొడుచుకు రావచ్చు, లేదా లోపల సస్పెన్షన్‌కు రాసుకోవచ్చు. బేరింగులపై భారం పెరుగుతుంది. నట్టు కూర్చునే చోటు కొన్ని చక్రాల్లో శంఖాకారంగా, కొన్నింటిలో గుండ్రంగా ఉంటుంది. ఒకదాని నట్టు మరొకదానికి బిగిస్తే గట్టిగా పట్టినట్లే ఉండి తర్వాత వదులవుతుంది. కొత్త చక్రాలు బిగించిన తర్వాత 50 నుంచి 100 కిలోమీటర్ల లోపున నట్లను మళ్ళీ సరిచూడాలని చెప్పని వ్యాపారి తన పని సగమే చేసినట్లు లెక్క.

అల్లాయ్ చక్రంపై మోయగల బరువు ముద్రించి ఉందో లేదో కూడా చూడాలి. జపాన్ ప్రమాణాన్ని సూచించే జె.డబ్ల్యు.ఎల్. అన్న అక్షరాలు అనేక చక్రాలపై కనిపిస్తాయి. అక్షరాలను ఎవరైనా పోతలో వేయవచ్చు. తయారీదారు పేరు, పరీక్షా వివరాలు, హామీ పత్రం లేకుండా అక్షరాలు మాత్రమే ఉంటే వాటికి విలువ లేదు. ప్రసిద్ధ విదేశీ చక్రాల నమూనాను అనుకరించిన సరుకు బజారులో విస్తారం. నమూనా ఒకటే అయినంత మాత్రాన లోహం ఒకటే అనుకోరాదు.

అంగుళాల మోజు, అంకెల లెక్క

పెద్ద చక్రం వేస్తే కారుకు అందం వస్తుందన్న నమ్మకం యువతలో బలంగా ఉంది. లెక్క తప్పకుండా వేస్తే అందులో దోషం లేదు. 185/65 ఆర్15 అన్న టైరును తీసుకుంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు. మొత్తం వ్యాసం సుమారు 621 మిల్లీమీటర్లు. దాని బదులు 16 అంగుళాల రిమ్ముపై 195/55 టైరు వేస్తే వ్యాసం 621 మిల్లీమీటర్లకు దగ్గరగానే ఉంటుంది. స్పీడోమీటరు తప్పు చెప్పదు. చక్రం రాసుకోదు.

అదే 16 అంగుళాల రిమ్ముపై, చూడటానికి బలంగా ఉందని 205/65 టైరు వేస్తే వ్యాసం 673 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. ఎనిమిది శాతం తేడా. స్పీడోమీటరు 60 చూపుతుండగా కారు 65 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. బ్రేకులు, గేర్లు, పికప్ అన్నీ ఆ మేరకు దెబ్బతింటాయి. ఈ చిన్న గుణకారం కాగితంపై వేసి చూపగలిగిన వ్యాపారి వద్ద కొనవచ్చు. ‘ఏమీ కాదు, అందరూ వేయించుకుంటున్నారు’ అని దాటవేసేవానికి దూరంగా ఉండటం మంచిది.

టైరు పక్కన చివర ఉండే అంకె, అక్షరం కూడా ముఖ్యమే. 91 హెచ్ అంటే ఒక్కొక్క టైరు 615 కిలోల బరువు మోయగలదని, గంటకు 210 కిలోమీటర్ల వేగానికి తట్టుకోగలదని అర్థం. 82 అన్న అంకె ఉంటే మోయగలిగేది 475 కిలోలే. కంపెనీ సూచించిన అంకె కంటే తక్కువది ఎంత చౌకగా వచ్చినా వేయరాదు.

కోల్‌కతాలో మరొక సంగతి గమనించాలి. పక్క ఎత్తు తక్కువగా ఉన్న టైరు చూపుకు సొగసైనదే. కానీ వానకాలంలో నీట మునిగే వీధులు, నీటి కింద కనిపించని గోతులు, చాలా చోట్ల ఇంకా మిగిలి ఉన్న ట్రాము పట్టాల అంచులు దాని ఓర్పును పరీక్షిస్తాయి. దెబ్బను పీల్చుకునే రబ్బరు తక్కువైతే దెబ్బ రిమ్ముకు తగులుతుంది. ఇనుప రిమ్ము వంగుతుంది. నాసిరకం అల్లాయ్ పగులుతుంది.

టైరుకు పుట్టిన తేదీ

టైరు పక్కన నాలుగు అంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. మొదటి రెండు అంకెలు వారాన్ని, తర్వాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. 2000కు ముందు తయారైన టైర్లపై మూడు అంకెలే ఉండేవి. మూడు అంకెల టైరును ‘వాడనిది, కొత్తది’ అని పాత కార్ల అభిమానికి ఎవరైనా అంటగట్టజూస్తే, అది పాతికేళ్ళ నాటి రబ్బరు అని గ్రహించాలి. ప్రదర్శనశాలలో నిలిపి ఉంచే బండికి అలంకారంగా పనికివస్తుంది గానీ, రోడ్డు ఎక్కే బండికి పనికిరాదు. అయిదేళ్ళు దాటిన టైర్లను ఏటా పరీక్ష చేయించాలని, పదేళ్ళు దాటితే గాడి ఎంత ఉన్నా మార్చాలని ప్రముఖ తయారీ సంస్థలు సూచిస్తున్నాయి.

దేశంలో అమ్మే వాహనాల టైర్లకు భారతీయ ప్రమాణాల సంస్థ ముద్ర తప్పనిసరి చేస్తూ కేంద్రం 2009లో ఉత్తర్వు జారీ చేసింది. అది 2011లో అమలులోకి వచ్చింది. కార్ల టైర్లకు ఐ.ఎస్. 15633, ద్విచక్ర, త్రిచక్ర వాహనాల టైర్లకు ఐ.ఎస్. 15627 వర్తిస్తాయి. చక్రాల రిమ్ములకు నాణ్యతా ఉత్తర్వు 2020లో వెలువడింది. ఐ.ఎస్.ఐ. ముద్ర, తయారీ వారం, సీరియల్ సంఖ్య నమోదు చేసిన రసీదు ఇవ్వడానికి వెనుకాడే దుకాణంలో కొనకపోవడమే క్షేమం. రసీదు లేకుండా పన్ను మిగులుతుందని ఆశపడితే హామీ కూడా పోతుంది. కొత్త టైర్లపై వస్తు సేవల పన్ను 28 శాతం నుంచి 18 శాతానికి 2025 సెప్టెంబరు 22 నుంచి తగ్గింది కనుక ఆ ఆశకు ఆధారం కూడా తగ్గింది.

దిగుమతి ద్వారం ఇరుకు

పాత కొలతల టైర్లను నేటికీ తయారు చేయించి అమ్మే ప్రత్యేక సంస్థలు విదేశాల్లో ఉన్నాయి. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రానికి చెందిన కోకర్ టైర్ 1958 నుంచి ఈ రంగంలో ప్రసిద్ధి గాంచింది. ఇంగ్లండులో లాంగ్‌స్టోన్ వంటి సంస్థలు ఉన్నాయి. అయితే మన దేశంలోకి టైర్ల దిగుమతిని 2020 జూన్‌లో కేంద్రం ఆంక్షల జాబితాలో చేర్చింది. లైసెన్సు లేనిదే దిగుమతి కుదరదు. అల్లాయ్ చక్రాల విషయంలో చైనా, కొరియా, థాయిలాండ్ సరుకుపై 2014లో యాంటీ డంపింగ్ సుంకం విధించారు. ఈ నేపథ్యంలో ‘విదేశీ సరుకు, కంటెయినర్‌లో వచ్చింది’ అని గొప్పగా చెప్పే వ్యాపారిని, అది ఏ పత్రాలపై వచ్చిందో చూపమని అడగడం కొనుగోలుదారు హక్కు.

విదేశీ టైరు దొరకని పక్షంలో అంబాసిడర్ యజమానులు రేడియల్‌కు మారడం ఒక మార్గం. 5.90-15కు దగ్గరి కొలతగా సాధారణంగా 165 ఆర్15ను వాడతారు. ఇక్కడా కొన్ని నియమాలు ఉన్నాయి. ఒకే ఇరుసుపై ఒక పక్క క్రాస్ ప్లై, మరొక పక్క రేడియల్ వేయరాదు. వీలైతే నాలుగు చక్రాలకూ ఒకే రకం ఉండాలి. పాత రిమ్ముకు ట్యూబు లేని టైరు అంచును పట్టి ఉంచే గట్టు ఉండదు కనుక ట్యూబు వేయక తప్పదు. ఈ విషయాలు అడగకుండానే చెప్పే వ్యాపారి ఒక్కడు దొరికితే అభిమాని అతడిని వదులుకోడు.

చట్టం పరిధి

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనంలో మార్పులు చేయరాదు. కేరళకు సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది చేసిన సవరణతో, నిబంధనలకు విరుద్ధంగా మార్పులు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు శిక్ష విధించే వీలు ఏర్పడింది. కనుక ఆ కారు రకాల్లో ఏదో ఒకదానికి తయారీదారు స్వయంగా ఆమోదించిన కొలత దాటకపోవడం మంచిది. మార్చిన చక్రాల సంగతి బీమా కంపెనీకి లిఖితపూర్వకంగా తెలపడం కూడా అంతే అవసరం. ప్రమాదం జరిగిన తర్వాత ఆ సంగతి బయటపడితే పరిహారం చిక్కుల్లో పడవచ్చు.

యాభై ఏళ్ళు దాటిన కార్లకు 2021 జులైలో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. అటువంటి వాహనాలను ‘వి.ఎ.’ అక్షరాలున్న సంఖ్యతో నమోదు చేస్తారు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. ఛాసిస్, బాడీ, ఇంజిను అసలు రూపంలో ఉండాలి. వాటిని రోజువారీ ప్రయాణానికి వాడరాదు. ర్యాలీలు, ప్రదర్శనల వంటి సందర్భాలకే రోడ్డు ఎక్కించాలి. ఈ వర్గంలో చేరదలచిన యజమాని చక్రాల విషయంలో సైతం అసలు రూపానికే కట్టుబడటం ఉచితం.

తెలుగునాట

ఈ పాఠం కోల్‌కతాకే చెందినది కాదు. విజయవాడలోని జవహర్ ఆటోనగర్, సికింద్రాబాద్‌లోని రాణీగంజ్ తెలుగువారికి చిరపరిచితమైన మోటారు బజార్లు. అక్కడ కూడా నైపుణ్యం, నాసిరకం పక్కపక్కనే ఉంటాయి. సంగారెడ్డి జిల్లా సదాశివపేటలో ఎం.ఆర్.ఎఫ్. కర్మాగారం ఉంది. చిత్తూరు ప్రాంతంలోని చినపాండూరులో అపోలో టైర్స్ కర్మాగారం 2020లో ప్రారంభమైంది. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో యోకోహామాకు చెందిన టైర్ల కర్మాగారం 2022లో ప్రారంభమైంది. హుగ్లీ తీరంలో క్షీణించిన పరిశ్రమ తెలుగునాట విస్తరిస్తోందనడానికి ఇవి నిదర్శనాలు.

చక్రాల తయారీలో సైతం తెలుగునాటి అనుభవం ఆలోచింపజేస్తుంది. విశాఖపట్నం దువ్వాడ వద్ద అల్లాయ్ చక్రాలు పోతపోసి ఎగుమతి చేసిన సినర్జీస్ సంస్థ పేరు పరిశ్రమ వర్గాల్లో సుపరిచితం. దానితో ముడిపడిన సినర్జీస్ దూరే సంస్థ వ్యవహారంలో 2017 ఆగస్టులో హైదరాబాద్‌లోని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ ఆమోదించిన ప్రణాళిక, కొత్త దివాలా స్మృతి కింద దేశంలో ఖరారైన తొలి పరిష్కారంగా నమోదైంది. పెద్ద కంపెనీ అయినా ఎల్లకాలం నిలుస్తుందన్న భరోసా లేదు. డన్‌లప్ చెప్పినదీ ఇదే. తయారీదారు మూతపడినా కొనుగోలుదారును ఆదుకోవలసినవాడు సరుకు చేతికిచ్చిన వ్యాపారే.

కాదని చెప్పగలిగే ధైర్యం

మంచి సరఫరాదారు లక్షణాలను క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కారు వివరాలు అడుగుతాడు. టైరు పుట్టిన వారాన్ని తానే చూపుతాడు. కొత్తది, వాడినది, చెక్కినది ఏది ఏమిటో దాచడు. రసీదుపై సీరియల్ సంఖ్య రాస్తాడు. గాలి ఎంత పట్టాలో, నట్టు ఎంత బిగించాలో చెబుతాడు. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించనిదే బండి పంపడు. అన్నిటికీ మించి, కొనుగోలుదారు కోరిన సరుకు ఆ కారుకు తగదనుకుంటే ‘ఇది వద్దు’ అని చెప్పి, ఆ అమ్మకాన్ని వదులుకుంటాడు.

అటువంటి వ్యాపారికి ప్రకటనలు అక్కరలేదు. మల్లిక్ బజార్‌లో ఒక పాత రిమ్ము కోసం మూడు దుకాణాలు తిరిగినవారికి నాలుగవ దుకాణం పేరు ఎవరో ఒకరు చెబుతారు. ఆ పేరు చెప్పినవాడు తన కారుకు ఏం వేయించుకున్నాడో, వేయించుకుని ఎన్నేళ్ళయిందో అడిగి తెలుసుకుంటే చాలు. పసుపు టాక్సీలు కనుమరుగైన తర్వాత కూడా కోల్‌కతా ర్యాలీలో అంబాసిడర్ కదలాలంటే ఇటువంటి దుకాణాలు నిలవాలి. అవి నిలవాలంటే, నాలుగు రూపాయలు తక్కువకు వస్తుందని రసీదు లేని సరుకు వైపు చూడని కొనుగోలుదారులు కూడా మిగలాలి.